శాంటోరిని: బస్సుల లెక్క ఒకటి, ద్రాక్షతోటల లెక్క ఇంకొకటి

గ్రీసు దీవి శాంటోరినిలో బస్సు ఎక్కబోయే తెలుగువాళ్లు మొదట చేసే తప్పు, రోడ్డుకి ఎడమవైపు నిలబడటం. నేనూ మా బావమరిదీ అదే చేశాం. మెగాలొహోరి ఊరి బయట, మిట్టమధ్యాహ్నం, మన అలవాటు కొద్దీ ఎడమపక్కన నిలబడి కబుర్లలో పడ్డాం. దీవి ముఖ్యపట్టణం ఫిరా వెళ్లే బస్సు అవతలి పక్క ఆగింది, ఇద్దరు ముసలమ్మల్ని ఎక్కించుకుంది, వెళ్లిపోయింది. గ్రీసులో బండ్లు కుడివైపు నడుస్తాయని తెలియక కాదు. తెలిసిన సంగతి కాళ్ల దాకా దిగలేదు, అంతే. "తాగింది నువ్వు, తాగనిది నేను. తప్పు మాత్రం ఇద్దరం ఒకేలా చేశాం బావా" అన్నాడు వాడు.

తర్వాతి బస్సు కోసం కాళ్లు పీకేలా నిలబడ్డప్పుడు ఒక సంగతి అర్థమైంది. ఈ దీవిలో వైనరీలు, అంటే వైన్ చేసి రుచి చూపించే చోట్లు, చూడటం కష్టం కాదు. బస్సు దొరకడమూ కష్టం కాదు. రెండిటినీ ఒక రోజులో కలపడమే కష్టం. బస్సులు నడిచే లెక్క వేరు, ద్రాక్ష పండే లెక్క వేరు. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ముందు నాలుగు మంచి వైనరీల పేర్లు రాసుకుని, తర్వాత వాటికి బస్సులు వెతుక్కుంటారు. అక్కడే చిక్కు పడుతుంది. ముందు రోడ్డును ఎంచుకోవాలి, ఆ రోడ్డు మీద ఏం ఉన్నాయో తర్వాత చూసుకోవాలి.

అసలు బస్సెందుకు, కారో, నాలుగు చక్రాల ఏటీవీ బండో అద్దెకు తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. దీవి నిండా అవే కనిపిస్తాయి. కానీ వెళ్తున్నది వైన్ రుచి చూడటానికి. గ్రీసులో డ్రైవింగ్‌కి పరిమితి రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్. టూవీలర్ నడిపేవాళ్లకు, కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లకు 0.2 మాత్రమే. (మన దగ్గర 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 0.3.) రుచి చూసేందుకు పోసేవి చిన్న గుక్కలే అయినా, ఒక్కో చోట నాలుగైదు రకాలు పోస్తారు. ఇక్కడి తెల్ల వైన్‌లో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా ఉంటుంది. రెండు వైనరీలు తిరిగాక స్టీరింగ్ పట్టుకునే పనే పెట్టుకోకూడదు. పైగా ఇక్కడి రోడ్లు సన్నం, మలుపులు ఎక్కువ. ఒక పక్క గోడ, ఇంకో పక్క లోయ.

టాక్సీలు దీవికి సరిపడా లేవు, సీజన్‌లో ఫోన్ చేసినా గంటసేపు ఆగాల్సి రావచ్చు. వైన్ టూర్లు బాగుంటాయి, కారులో తిప్పుతారు, అన్నీ వివరిస్తారు. కాకపోతే మనిషికి 100 యూరోలు దాటేవే ఎక్కువ. బస్సు టికెట్ రెండు యూరోలకు కాస్త అటూ ఇటూ. ఈ తేడాతో ఒక మంచి సీసా కొనుక్కోవచ్చు.

ఫొటోలు పడమట, పంట తూర్పున

మ్యాపులో శాంటోరిని నెలవంకలా ఉంటుంది. ఒకప్పుడు గుండ్రటి దీవి. దాదాపు 3,600 ఏళ్ల క్రితం అగ్నిపర్వతం పేలి, నడిభాగం కూలి సముద్రంలో కలిసింది. మిగిలింది అంచు ఒక్కటే. పెద్ద కుండ పగిలి ఒక వైపు పెంకు మాత్రమే నిలబడితే ఎలా ఉంటుందో అలా. ఆ పెంకు లోపలి వైపు, అంటే పడమర, దాదాపు 300 మీటర్ల నిలువు కొండచరియ. బయటి వైపు, అంటే తూర్పు, మెల్లగా సముద్రం దాకా దిగే వాలు.

మనం చూసిన ఫొటోలన్నీ ఆ చరియ అంచువే: తెల్ల ఇళ్లు, నీలి గుమ్మటాలు, సూర్యాస్తమయం. ఫిరా, ఇమెరొవిగ్లి, ఇయా ఊళ్లు ఆ అంచు మీద వరసగా ఉంటాయి. హోటళ్లూ అక్కడే. పంట పండేది మాత్రం ఎక్కువగా తూర్పు వాలులో, దక్షిణాన పీర్గోస్, మెగాలొహోరి, గోనియా ఊళ్ల చుట్టూ. కొండచరియ మీద కూర్చుని వైన్ తాగేవాళ్లలో చాలామంది ఆ ద్రాక్ష పండే నేలని చూడకుండానే ఇంటికి వెళ్తారు.

వైనరీలు కూడా నేలను బట్టే వెలిశాయి. పేలుడులో పడిన బూడిద, తేలికరాయి కలిసిన నేలను ఇక్కడివాళ్లు ఆస్ప అంటారు. గునపంతో తవ్వితే వస్తుంది, తవ్వాక నిలబడుతుంది. అందుకే కొండవాలులో గుహలు తవ్వి లోపల వైన్ చేసేవారు. ఆ గుహ వైనరీల పేరు కనావా. లోపల వేసవిలోనూ చల్లగా ఉంటుంది, ఏ యంత్రమూ అక్కర్లేదు. ఇదే మట్టిని 1860లలో సూయజ్ కాలువ పనులకు సిమెంటు కోసం ఓడల్లో తీసుకెళ్లారు. కనావాలు ఊళ్ల లోపల, సందుల్లో ఉంటాయి. బస్సు ఊరి బయట మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. మ్యాపులో పక్కపక్కనే కనిపించినా మధ్యలో ఎక్కుడు మెట్లు ఉంటాయి.

ఇక బస్సుల లెక్క. గ్రీసంతటా జిల్లా బస్సుల మీద కేటెల్ అనే పేరు కనిపిస్తుంది. విడగొట్టి చదివితే దానర్థం 'బస్సుల వసూళ్ల ఉమ్మడి నిధి'. మన ఆర్టీసీలాంటిది కాదిది. ప్రైవేటు బస్సుల యజమానులు విడివిడిగా పోటీ పడకుండా, వసూళ్లన్నీ ఒక చోట వేసి పంచుకునే పద్ధతి. 1952లో చట్టంతో మొదలైంది. ఇలాంటి ఏర్పాటు జనం ఎక్కడుంటే బస్సును అక్కడికి నడుపుతుంది. జనం ఉండేది బీచ్‌ల దగ్గర, హోటళ్ల దగ్గర, ఓడరేవు దగ్గర, ఎయిర్‌పోర్టు దగ్గర. వైనరీ కోసమని ఏ రూటూ లేదు. బీచ్‌కి పోయే దారిలో వైనరీ ఉంటే అది మన అదృష్టం.

రూట్లన్నీ ఫిరా నుంచే బయల్దేరతాయి. మండల కేంద్రం నుంచి చుట్టుపక్కల ఊళ్లకు బస్సులు పోయినట్టే. ఉత్తరాన ఇయా, తూర్పున మోనోలిథోస్, కమారి, దక్షిణాన పెరిస్సా, అక్రోటిరి, ఇంకా అథినియోస్ ఓడరేవు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అడ్డంగా పోయే బస్సు దాదాపు లేదనే అనుకోండి. కమారి, పెరిస్సా బీచ్‌లనే చూడండి. రెండిటి మధ్య ఒక్క కొండే అడ్డం, మేసా వూనో. కొండ మీద ప్రాచీన థీరా శిథిలాలు ఉంటాయి. ఆ బీచ్ నుంచి ఈ బీచ్‌కి పడవలో నిమిషాల పని. బస్సులో అయితే కమారి నుంచి ఫిరా వెనక్కి వచ్చి, బస్సు మారి, మళ్లీ దక్షిణానికి దిగాలి. ఒక రోజు ప్లానులో గోనియా దగ్గరి వైనరీని, మెగాలొహోరి వైనరీని కలిపి రాసుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మ్యాపులో మూడు నాలుగు కిలోమీటర్లే కనిపిస్తుంది. బస్సులో సగం పూట పోతుంది.

పేర్ల గందరగోళం ఒకటి. దీవి అధికారిక పేరు థీరా. ఊరి పేరు ఫిరా. శాంటోరిని అనేది మధ్యయుగంలో లాటిన్లు పెట్టిన పేరు, సెయింట్ ఐరీన్ నుంచి వచ్చింది. ఇంగ్లిషు అక్షరాల్లో 'ఓయా' అనిపించే ఊరిని అక్కడివాళ్లు 'ఇయా' అంటారు. గోనియాలు రెండున్నాయి, ఎక్సో గోనియా ఎగువన, మేసా గోనియా దిగువన. మేసా గోనియానే ఎపిస్కోపి గోనియా అని కూడా అంటారు. బస్సు బోర్డు మీద గ్రీకు అక్షరాలు కనిపిస్తే కంగారు పడొద్దు, మొదటి అక్షరం గుర్తుంటే చాలు. సున్నా మధ్యలో నిలువు గీత ఉంటే ఫిరా. గుమ్మంలా రెండు నిట్రాళ్లు, మీద దూలం ఉంటే పెరిస్సా. ఇంగ్లిషు 'A' లాంటి అక్షరంతో మొదలైతే అక్రోటిరి కావచ్చు, అథినియోస్ రేవూ కావచ్చు. ఆ ఒక్క చోట నోరు తెరిచి అడగాలి.

మొదట దక్షిణపు రోడ్డు

ఒక్క రోజే చేతిలో ఉంటే ఇంకో ఆలోచన లేకుండా ఈ రోడ్డే పట్టండి. పెరిస్సా బస్సూ, అక్రోటిరి బస్సూ రెండూ ఫిరా నుంచి మెస్సారియా మీదుగా పీర్గోస్ కూడలి దాటి మెగాలొహోరి దాకా ఇదే దారిలో వస్తాయి. అంటే ఆ మధ్యలో దిగినవాళ్లకి ఎక్కడానికి రెండు రూట్ల బస్సులుంటాయి. ఈ దీవిలో ఇంతకన్నా సౌకర్యం ఇంకే రూటులోనూ లేదు.

పీర్గోస్ కూడలి దాటగానే రోడ్డు పక్కనే శాంటో వైన్స్. 1947లో ఏర్పడ్డ రైతుల సహకార సంఘం వాళ్లది. పెద్ద భవనం, కొండచరియ అంచున పొడవాటి డాబా. టూరిస్టు బస్సులు వరసగా వచ్చి ఆగుతాయి, గుంపు గుంపుగా జనం దిగుతారు. కొంతమందికి అది నచ్చదు, ఫ్యాక్టరీలా ఉందంటారు. నాకు మరీ అంత అనిపించలేదు. చిన్న రైతుల పంటకి ఒక చోట గిట్టుబాటు చూపించిన సంస్థ అది. టమాటా, పప్పు కూడా వాళ్లే అమ్ముతారు. ప్రశాంతంగా కూర్చుని మాట్లాడుకోవాలంటే మాత్రం ఇది కాదు.

అక్కణ్ణుంచి ఒక కిలోమీటరు దూరంలో, రేవుకి దిగే దారి చీలే చోట వెనెట్సానోస్. అదీ 1947 నాటిదే, ఒక కుటుంబం కట్టింది. భవనమే ఒక పాఠం. కొండవాలులో అంతస్తులుగా కట్టారు. ద్రాక్ష పైఅంతస్తుకి చేరుతుంది, రసం కింది అంతస్తుకి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి, పంపులు లేకుండా బరువుకి అదే జారుతుంది. ఇంటి డాబా మీది ట్యాంకు నుంచి కుళాయికి నీళ్లు వచ్చే సూత్రమే. సరిగ్గా రేవు నెత్తిన కట్టడంలో ఉద్దేశం, సరుకు ఓడకి దగ్గరగా ఉండాలని. డాబా మీద నిలబడితే కింద అథినియోస్ రేవు, మెలికలు తిరిగే రోడ్డు, వాటి మీద చీమల్లా లారీలు కనిపిస్తాయి.

ఆ కిలోమీటరు మేం నడిచాం. మ్యాపు పదిహేను నిమిషాలంది. ఫుట్‌పాత్ లేదు. బస్సులు, లారీలు, ఏటీవీలు భుజం రాసుకుంటూ పోతాయి. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి గాలి వీస్తుంది, టోపీ పట్టుకుని నడవాల్సిందే. నడవకూడదని అనను, ఎండ తగ్గాక, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకి ఎడమపక్కన నడవండి. నడిచేటప్పుడు ఎడమ, బస్సు కోసం కుడి. మళ్లీ అదే గోల.

ఇంకా కిందికి మెగాలొహోరి. ఒకప్పటి వైన్ వ్యాపారుల ఊరు, ఎత్తు గోడల వెనక పెద్ద పెద్ద ఇళ్లు. ఊరు చూడటానికే దిగొచ్చు. ఇక్కడి గవాలాస్ చిన్న కుటుంబ వైనరీ. కత్సానో అనే అరుదైన స్థానిక ద్రాక్షతో వైన్ చేస్తారు, అది ఇంకెక్కడో దొరుకుతుందని ఆశపడొద్దు. పోసేవాళ్లకి తీరిక ఉంటుంది, అడిగితే చెబుతారు. నాకు నచ్చిన మధ్యాహ్నం ఇక్కడిదే. బస్సు తప్పింది కూడా ఇక్కడే.

మరి వరస ఎలా పెట్టుకోవాలి? నడిచేవాళ్లకి పైనుంచి కిందికి రావడం హాయి: శాంటో, వెనెట్సానోస్, తర్వాత మెగాలొహోరి. కానీ చూడాల్సిన సూర్యాస్తమయం పైన శాంటో డాబా మీద, ఫిరాకి దగ్గరా అదే. కాబట్టి పొద్దున్నే నేరుగా మెగాలొహోరిలో దిగి, ఊరు చల్లగా ఉన్నప్పుడే చూసి, అక్కణ్ణుంచి బస్సులో వెనక్కి ఒక్కో స్టాపు ఎక్కుతూ రావడం మేలు. టికెట్ ఇంకోసారి కొనాలి, రెండు యూరోలు. ఒక వేళ చివర్లో బస్సు దొరక్కపోయినా ఫిరాకి టాక్సీ ఖర్చు శాంటో నుంచే తక్కువ. రోజుకి రెండు వైనరీలు చాలు. ఒక్కో చోట గంట, గంటన్నర పడుతుంది. మూడోదాంట్లో నాలుకకి ఏ తేడా తెలీదు.

చుట్టకుదురులాంటి తీగ

బస్సు కిటికీలోంచి చూస్తే చాలామంది అడిగే ప్రశ్న: తోటలేవి? తోటలు కళ్లముందే ఉంటాయి. మనకి ద్రాక్ష అంటే పందిరి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్ల కింద నడిచిన వయసువాళ్లకి తల పైకెత్తి చూడటమే అలవాటు. ఇక్కడ తల దించాలి. బూడిదరంగు నేల మీద అక్కడక్కడా పచ్చగా పొదలు పడేసినట్టు ఉంటాయి. అవే ద్రాక్షతీగలు.

మెగాలొహోరిలో ఒక తోట గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని చూశాను. కొమ్మల్ని గుండ్రంగా మెలితిప్పి, ఒకదాని చుట్టూ ఒకటి అల్లుకుంటూ పోయారు. నీళ్ల బిందె కింద నెత్తి మీద పెట్టుకునే చుట్టకుదురు గుర్తుందా? దాన్ని గంపంత చేస్తే అచ్చం ఇదే. పేరు కులూరా. ఆకులు పైన గొడుగులా కప్పుతాయి, కాయలు గంప లోపల, నేలకి జానెడు ఎత్తున దాక్కుంటాయి. చెయ్యి లోపలికి పెడితే బయట వీచే గాలి అక్కడ తగల్లేదు. ఆ గాలికీ ఎండకీ పందిరి వేస్తే నిలవదు, పూత రాలిపోతుంది. ఏటా చలికాలంలో కత్తిరించి కొత్త కొమ్మల్ని పాత చుట్ట మీద మళ్లీ అల్లుతారు. అల్లడం తెలిసిన చేతులే చేయాలి, యంత్రంతో కాదు. కొన్ని దశాబ్దాలకి చుట్ట ముసలిదై కాపు తగ్గితే మొదలు దాకా నరికేస్తారు. పాత వేరు నుంచే కొత్త కొమ్మ లేస్తుంది. అలా పైన తీగ వయసు ఒకటి, కింద వేరు వయసు ఒకటి.

నీళ్ల సంగతి ఇంకా వింత. దీవిలో నది లేదు, వేసవిలో వాన లేదు. రాత్రిపూట సముద్రం మీంచి తేమ వస్తుంది, తేలికరాయి స్పాంజిలా దాన్ని పట్టి ఉంచుతుంది. తీగ దాంతోనే బతుకుతుంది. ఇదే నేలలో బంకమన్ను దాదాపు లేకపోవడం ఇంకో మేలు చేసింది. పందొమ్మిదో శతాబ్దంలో ఫిలోక్సెరా అనే వేరుపురుగు యూరప్ ద్రాక్షతోటల్ని ఊడ్చిపెట్టింది. అప్పట్నుంచి యూరప్‌లో దాదాపు అంతటా అమెరికా వేరుమొక్కకి అంటు కట్టే పెంచుతున్నారు. ఆ పురుగు ఈ ఇసుకలో బతకలేదు. అందుకే ఇక్కడ తీగ సొంత వేర్ల మీదే ఉంది.

దిగుబడి చాలా తక్కువ. ఈ మధ్య ఏళ్లలో వానలు మరీ తగ్గి పంట ఇంకా పడిపోయింది, ద్రాక్ష ధర పెరిగింది. మరోవైపు తోట భూమికి హోటల్ కట్టేవాళ్లిచ్చే ధరతో రైతు పోటీ పడలేడు. గ్లాసు ధర చూసి గుండె ఝల్లుమన్నప్పుడు ఈ లెక్క గుర్తొస్తే కాస్త ఊరట.

గ్లాసులో వచ్చేది ఏమిటో క్లుప్తంగా. ప్రధానమైన ద్రాక్ష అసిర్టికో. తెల్లది, పులుపు ఎక్కువ, చివర్లో కాస్త ఉప్పదనం తగులుతుంది. ఎంత ఎండలో పండినా పులుపు పోకపోవడమే దాని గొప్ప. అథీరి, ఐదానీ దానికి తోడు. నిక్తేరి అనే రకం పేరులోనే రాత్రి ఉంది, ఎండ పడకుండా రాత్రిపూట కోసి, పిండే పాత అలవాటు నుంచి వచ్చిన పేరు. ఇక విన్‌సాంటో. కోసిన ద్రాక్షని దాదాపు రెండు వారాలు ఎండలో ఆరబెడతారు, వడియాలు ఎండబెట్టినట్టు. తర్వాత పీపాల్లో కనీసం రెండేళ్లు. తేనెరంగు దాటి కాఫీ డికాక్షన్ రంగులోకి వస్తుంది, తియ్యగా ఉంటుంది, ఆ తీపి కింద పులుపు ఉంటుంది. ఒకప్పుడు రష్యా చర్చిలకి ఓడల్లో వెళ్లింది ఇదే.

కమారి రోడ్డు, మిగతావి

రెండో రోజు ఉంటే కమారి బస్సు. వోథోనాస్ దగ్గర రోడ్డు పక్కనే కుట్సొయానొపులోస్ వైన్ మ్యూజియం ఉంది. నేలకి ఎనిమిది మీటర్ల అడుగున, దాదాపు 300 మీటర్ల పొడవున తవ్విన సొరంగంలాంటి కనావా. లోపల కదిలే బొమ్మలతో పాతకాలపు వైన్ పని చూపిస్తారు. బొమ్మలు మా ఊరి జాతర సెట్టింగుల్ని గుర్తుచేశాయి, కానీ పిల్లలు ఉంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. తాగని మా బావమరిదికి కూడా దీవిలో నచ్చిన వైనరీ ఇదొక్కటే. ఎండలోంచి ఆ చల్లదనంలోకి దిగడమే సగం సుఖం.

ఇంకా ముందుకి పోతే ఎపిస్కోపి గోనియాలో ఆర్గిరోస్, 1903లో మొదలైంది. పాత తోటలు, ఏళ్ల తరబడి పీపాల్లో ఉంచిన విన్‌సాంటో వీళ్ల ప్రత్యేకత. ఇరవై ఏళ్ల పాతదీ ఉంది, ధర మాత్రం అడిగి చూడండి, ఊరికే తెలుసుకోవడానికి. అదే చుట్టుపక్కల 1836 నాటి కనావా రూసోస్. ఎగువన ఎక్సో గోనియాలో ఇంకొన్ని ఉన్నాయి, కానీ కమారి రోడ్డు నుంచి ఎక్కుడు నడక. సముద్రపు ఒడ్డున, కమారికీ మోనోలిథోస్‌కీ మధ్య, పాత టమాటా ఫ్యాక్టరీలో గయా వైనరీ ఉంది. కొండచరియ దృశ్యం లేదు, అలలు గోడ దాకా వస్తాయి. అక్కడికి బస్సు గుమ్మం దాకా పోదు, నడవాలి లేదా టాక్సీ.

ఇయా రూటుకి ఒక రోజు ఇవ్వాలి, వైన్ కోసం కాదు, ఇయా కోసం. అక్కడ సిగాలాస్ పేరున్న వైనరీ. ఒక లెక్కల మాస్టారు 1991లో మొదలుపెట్టారు. తోటల మధ్యే కూర్చోబెడతారు, కానీ అది ఊరి వెనక పల్లపు నేలలో, బస్సు దిగాక నడక ఉంది. ముఖ్యమైన చిక్కు ఏమిటంటే సూర్యాస్తమయం అయిన మరుక్షణం ఇయాలోని జనమంతా ఒకేసారి ఫిరా బస్సు కోసం వస్తారు. కాబట్టి వైనరీకి మధ్యాహ్నమే వెళ్లి, సూర్యుడు దిగకముందే బస్సెక్కేయండి. లేదా అందరూ పోయేదాకా భోజనం చేసి కూర్చోండి. మధ్యలో ఇరుక్కుంటే సంక్రాంతి రోజుల్లో బస్టాండే.

ఇంకొన్ని సంగతులు. వైనరీలకి ముందే బుక్ చేసుకోవాలి, ముఖ్యంగా మే నుంచి అక్టోబర్ దాకా. కానీ బుకింగ్‌కి బస్సు టైముకి గంట తేడా పెట్టుకోండి. చలికాలంలో కొన్ని మూసేస్తారు, బస్సులూ తగ్గుతాయి. బస్సు టైములు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, కాబట్టి ముందు రోజు సాయంత్రం ఫిరా బస్టాండులో బోర్డు ఫొటో తీసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన పని. మధ్య స్టాపుల టైములు బోర్డు మీద ఉండవు, ఫిరా నుంచి బయల్దేరే టైముకి మనమే కలుపుకోవాలి. చిల్లర యూరోలు జేబులో ఉంచుకోండి.

క్రూయిజ్ ఓడలో వచ్చినవాళ్ల లెక్క ఇంకోటి. వాళ్ల పడవలు ఫిరా కిందున్న పాత రేవులో దింపుతాయి, అక్కణ్ణుంచి కేబుల్ కారులో పైకి. మధ్యాహ్నం తర్వాత తిరిగి దిగడానికి కేబుల్ కారు దగ్గర క్యూ పెరుగుతుంది. అలాంటివాళ్లు ఒక్క వైనరీ పెట్టుకోవడమే మంచిది, అదీ శాంటో గానీ వెనెట్సానోస్ గానీ. ఫెర్రీలో అథినియోస్ రేవుకి వచ్చి, సామాన్లతో వైనరీ చూద్దామనుకునేవాళ్లకి ఒక మాట: రేవు వెనెట్సానోస్ కిందే ఉంది కదా నడిచి ఎక్కేద్దామనుకోవద్దు. ఆ మెలికల రోడ్డు పెట్టెలతో ఎక్కేది కాదు.

తాగనివాళ్లకి, శాకాహారులకి ఈ రోజు వృథా కాదు. వైన్‌తో పాటు ఇచ్చే పళ్లెంలో ఇక్కడి ఫావా అడగండి. పసుపు పప్పుని మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. ముద్దపప్పే. ఆ పప్పుమొక్క మన లంకపప్పుకి దగ్గరి చుట్టం కూడా. మా బావమరిది మూడు పళ్లేలు తిని, నెయ్యి ఉంటే బాగుండేదన్నాడు.

సీసాలు కొంటే ఇండియాలో దిగేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ ఉండదు. విన్‌సాంటో చాలావరకు అర లీటరు సీసాల్లో వస్తుంది, అంటే నాలుగు. వాటిని చెక్-ఇన్ పెట్టెలో, బట్టల మధ్య పెట్టాలి. కానీ అంతకన్నా ముందు వాటిని బస్సులో ఫిరా దాకా తేవాలి. పెట్టెలు డిక్కీలో పెట్టమంటారు, పెట్టొద్దు. మలుపు మలుపుకీ లోపల అన్నీ అటూ ఇటూ దొర్లుతాయి. మేం సీసాల సంచీని రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, మోకాళ్లతో బిగించి పట్టుకుని కూర్చున్నాం, చిన్నప్పుడు పల్లెవెలుగులో ఆవకాయ జాడీ తెచ్చినట్టు. మెస్సారియా దగ్గర ఒక పెద్దాయన ఎక్కి, సంచీ వైపు చూసి, ఏ వైనరీ అని సైగతో అడిగాడు. సీసా తీసి చూపిస్తే పెదవి విరిచి, ఇంకేదో పేరు చెప్పాడు. అది మా రోడ్డు మీద లేదు.